టెర్మినల్ అడిగే ప్రోగ్రామ్‌ను ఎవరూ లాగిన్ కాకుండా నడపడం ఎలా?

మీ సమస్య నాకు అర్థమైనంతవరకు ఇది: జమ్మికుంటలోని మీ జిన్నింగ్ మిల్లు కాంటా దగ్గర లైనక్స్ కంప్యూటర్ ఉంది. తూకం తీసుకుని చిట్టీ కొట్టే ప్రోగ్రామ్ మెనూ స్క్రీన్‌తో నడుస్తుంది. పుట్టీలో (వేరే కంప్యూటర్ నుంచి దీనిలోకి లాగిన్ అయ్యే విండో) లాగిన్ అయి నడిపితే బాగానే ఉంటుంది, విండో మూస్తే ఆగిపోతుంది. నోహప్ అనే కమాండ్‌తో నడిపినా, చెప్పిన వేళకు పనులు నడిపే క్రాన్‌లో పెట్టినా "ఎర్రర్ ఓపెనింగ్ టెర్మినల్: అన్‌నోన్" అని వస్తోంది.

వరంగల్‌లో ఎనుమాముల మార్కెట్ దగ్గరి ఒక మిల్లులో ఇలాంటి సిస్టమే నేను చూసుకుంటాను. పత్తి సీజన్‌లో తెల్లవారుజామున కరెంటు పోయి వస్తే లాగిన్ అయ్యే మనిషి ఉండడు, గేటు బయట మాత్రం ట్రాక్టర్లు, డీసీఎంలు వరుస కట్టి ఉంటాయి. రైతు రాత్రంతా బండి మీద పడుకుని వచ్చి, కంప్యూటర్ లేవలేదని ఇంకో రెండు గంటలు ఆగడం న్యాయం కాదు. అందుకే దీన్ని గట్టిగా పట్టించుకున్నాను.

ముందు నోహప్ సంగతి. విండో మూసినప్పుడు వచ్చే హ్యాంగప్ సిగ్నల్‌ను పట్టించుకోకుండా చేయడమే దాని పని. టెర్మినల్‌ను అది ఇవ్వదు. మీ ప్రోగ్రామ్‌కు కావాల్సింది టెర్మినల్, అంటే అక్షరాలు చూపి కీలు అందుకునే తెర. పుట్టీలో మీకు దొరికేది కూడా నిజమైన టెర్మినల్ ఏమీ కాదు, ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ కానిచ్చే ప్రోగ్రామ్) సర్వర్ లైనక్స్ గుండె అయిన కెర్నల్‌ను అడిగి తెచ్చిన సూడో టెర్మినల్, అంటే ఉత్తుత్తి టెర్మినల్. దానికి రెండు కొసలు. ఒక కొస మీ ప్రోగ్రామ్‌ది, రెండోది ఎస్‌ఎస్‌హెచ్ చేతిలో ఉంటుంది. మీరు విండో మూయగానే ఆ రెండో కొస వదిలేస్తుంది కాబట్టి ప్రోగ్రామ్ పోతుంది. కాబట్టి ఆ కొసను ఎప్పుడూ వదలకుండా పట్టుకునే ఇంకో ప్రోగ్రామ్ కావాలి, అంతే.

ఆ పనికి టీమక్స్ అనే ప్రోగ్రామ్ వాడండి. 1987 నుంచి ఉన్న స్క్రీన్ అనే ప్రోగ్రామ్ కూడా ఆ పని చేస్తుంది, అది అలవాటుంటే మార్చనక్కర్లేదు. కొందరు స్క్రిప్ట్ కమాండ్ చెబుతారు. అదీ సూడో టెర్మినల్ ఇస్తుంది కానీ, లోపల ఏం జరుగుతోందో తర్వాత వెళ్లి చూడలేం, కీ నొక్కలేం. మన పనికి అదే ముఖ్యం. ఒక రాత్రి చిట్టీలు రావడం లేదని మిల్లు నుంచి ఫోన్ వచ్చింది. హన్మకొండలో ఇంటి నుంచే ఫోన్‌లో ఎస్‌ఎస్‌హెచ్ తెరిచి టీమక్స్ క్యాప్చర్-పేన్ -పి కొట్టాను. తెర ఉన్నదున్నట్టు కనిపించింది: ప్రింటర్‌లో పేపర్ లేదు, ఏదైనా కీ నొక్కండి అని ఆగి ఉంది. వాచ్‌మన్‌తో పేపర్ పెట్టించి, సెండ్-కీస్‌తో ఎంటర్ పంపాను. ఆగిన చిట్టీలు వరుసగా వచ్చేశాయి. ప్రోగ్రామ్‌ను చంపి మళ్లీ లేపి ఉంటే ఆ తూకాలు ఏమయ్యేవో!

బూట్‌లో దానంతటదే లేవడానికి, లైనక్స్‌లో సర్వీసులను లేపే సిస్టమ్‌డీకి ఒక సర్వీసు (యూనిట్ ఫైలు) రాయండి. టైప్ ఫోర్కింగ్, రీస్టార్ట్ ఆల్వేస్. ఎగ్జెక్‌స్టార్ట్‌లో టీమక్స్ పూర్తి పాత్ (ఫైలు ఉన్న చోటు), తర్వాత పెద్ద -ఎల్ పెట్టి ఈ ఒక్క పనికే వేరే సాకెట్ పేరు (ఏ టీమక్స్ సర్వర్‌తో మాట్లాడాలో చెప్పే పేరు), ఆపైన న్యూ-సెషన్ -డి, చివర మీ ప్రోగ్రామ్ పూర్తి పాత్. సాకెట్ వేరుగా ఉంటే ప్రోగ్రామ్ ముగిసినప్పుడు ఆ టీమక్స్ సర్వర్ కూడా ముగుస్తుంది, సిస్టమ్‌డీకి విషయం తెలిసి మళ్లీ లేపుతుంది. అన్నీ ఒకే టీమక్స్‌లో కలిపితే ఆ సంగతి దానికి తెలియదు.

రీస్టార్ట్‌సెక్ 5 (పడిపోతే 5 సెకన్లు ఆగి లేపు) అని తప్పక రాయండి. డిఫాల్ట్‌గా 10 సెకన్లలో 5 సార్లు లేచి పడితే సిస్టమ్‌డీ ఇక ప్రయత్నించదు. బూట్ కాగానే కాంటా ఇండికేటర్ యూఎస్‌బీ కేబుల్ దొరకడానికి కొంచెం ఆలస్యమైతే సరిగ్గా ఇదే జరుగుతుంది. రూట్‌గా (అన్ని అధికారాలున్న యూజర్‌గా) నడపకండి. వేరే యూజర్ పెట్టి, డెబియన్, ఉబుంటు అయితే ఆ యూజర్‌ను డయల్‌అవుట్ గ్రూపులో చేర్చండి, లేకపోతే సీరియల్ పోర్టు తెరుచుకోదు. తర్వాత చూడాలన్నా అదే యూజర్‌తో, అదే సాకెట్ పేరుతో అటాచ్ కావాలి, అంటే నడుస్తున్న తెరకు తగులుకోవాలి. రూట్‌తో వెళ్లి మామూలుగా అటాచ్ అంటే సెషన్లే లేవంటుంది, అప్పుడు టెన్షన్ పడొద్దు.

ఇంకో రెండు చిన్న సంగతులు. ఎవరూ అటాచ్ కాని సెషన్ సైజు మామూలుగా 80 నిలువు వరుసలు, 24 లైన్లు. మీ మెనూకు 25 లైన్లు కావాలంటే -ఎక్స్, -వైలతో చెప్పండి. సర్వీసులో లాంగ్ (భాష, అక్షరాల సెట్టింగ్) విలువ సి.యూటీఎఫ్-8 అని పెట్టండి, లేకపోతే మెనూ గీతల బదులు పిచ్చి అక్షరాలు రావచ్చు.

రాత్రి హెడ్డాఫీసుకు పంపే డే రిపోర్ట్ కూడా మెనూలోంచే తీయాలన్నారు కదా. దానికి మాత్రం ఎక్స్‌పెక్ట్ (తెర మీద మాట చూసి కీలు నొక్కే ప్రోగ్రామ్) మంచిది. స్పాన్ (ప్రోగ్రామ్‌ను లేపే ఆదేశం) అన్నప్పుడు అది తన సూడో టెర్మినల్ తానే తెచ్చుకుంటుంది, టెర్మినల్ రకం చెప్పే టర్మ్ విలువను మాత్రం స్క్రిప్టులో మీరే పెట్టాలి, అప్పుడు క్రాన్‌లోంచి హాయిగా నడుస్తుంది. స్క్రిప్టులో ఇంటరాక్ట్ అనే లైను మాత్రం ఉండకూడదు, దానికి ఎదురుగా మనిషి కావాలి. క్రాన్ కమాండ్లను వెతికే ఫోల్డర్ల జాబితా చాలా చిన్నది, అక్కడ కూడా పూర్తి పాత్‌లే రాయండి. స్లీప్‌లు (ఇన్ని సెకన్లు ఆగు అనే లైన్లు) పెట్టి కీలు నొక్కించకండి, తెర మీద ఏ మాట వచ్చాక ఏ కీ నొక్కాలో చెప్పండి. టైమౌట్ అయితే బయటకు వచ్చి మెసేజ్ పంపేలా చూడండి.

అంతా పెట్టాక, కాంటా మీద బండి లేని సమయం చూసి కంప్యూటర్ రీబూట్ చేయండి. పుట్టీ తెరవకుండానే ఒక ఖాళీ ట్రాక్టర్ తూకం వేయించండి. చిట్టీ రాకపోతే జర్నల్‌సీటీఎల్‌లో (సిస్టమ్‌డీ లాగ్ చూపే కమాండ్) ఆ సర్వీసు చివరి లైన్లు, మీ యూనిట్ ఫైలు ఇక్కడే పెట్టండి, చూసి చెబుతాను.