పాఠకుల ప్రశ్న: సూపర్‌చార్జర్ తీసి టర్బో పెడితే?

ప్రశ్న: నా 2005 మినీ కూపర్ ఎస్ (ఆర్53)కి టర్బో పెట్టాలనుకుంటున్నాను. సూపర్‌చార్జర్ తీసేసి పొట్టి బెల్టు వేస్తే చాలా? – ఓ పాఠకుడు, డాలస్

జవాబు: చాలదండీ. రెండూ ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి నెట్టేవే; సూపర్‌చార్జర్ బెల్టుతో తిరుగుతుంది, టర్బో ఇంజిన్ పొగ ఊపుతో. ఈ బండిలో వాటర్ పంపును తిప్పేది ఈటన్ ఎం45 సూపర్‌చార్జరే, బెల్టు నేరుగా కాదు. దాన్ని పీకేస్తే కూలెంట్ ఆగుతుంది, కాసేపటికే హెడ్ గాస్కెట్ (ఇంజిన్ హెడ్‌కీ బ్లాక్‌కీ మధ్య ఉండే సీలు) పోతుంది. కాబట్టి ముందు రిలేతో (కరెంటుతో పనిచేసే స్విచ్చి) ఎలక్ట్రిక్ పంపు బిగించి, వేడి అదుపులో ఉందని చూసుకున్నాకే టర్బో సంగతి.

ఎక్కువమంది దెబ్బతినేది ఆయిల్ రిటర్న్ దగ్గర, అంటే టర్బో నుంచి ఆయిల్ ఇంజిన్‌లోకి తిరిగి దిగే గొట్టం దగ్గర. గొట్టం లావుగా, ఎక్కడా పైకి వంగకుండా కిందికే దిగాలి; సంప్‌లో (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) ఆయిల్ మట్టానికి పైన కలవాలి. లేదంటే ఆయిల్ టర్బోలోనే నిలిచి, సీళ్లు దాటి నీలిపొగ వస్తుంది. పాపం, నింద టర్బో మీద పడుతుంది!

కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుకుపోయే నిష్పత్తి) 8.3:1, అంటే తక్కువే కనుక 8 పీఎస్‌ఐ బూస్ట్‌కి (టర్బో అదనంగా ఇచ్చే గాలి ఒత్తిడి) పిస్టన్ల జోలికి పోనక్కర్లేదు. ఇంజెక్టర్లు (పెట్రోలు చిమ్మేవి) మాత్రం పెద్దవి కావాలి. పాత మ్యాప్‌తో (ఇంజిన్ కంప్యూటర్‌లోని పెట్రోలు, స్పార్క్ లెక్కలు) బూస్ట్ ఎక్కించొద్దు. వైడ్‌బ్యాండ్ (గాలి-పెట్రోలు నిష్పత్తి కొలిచే సెన్సర్) పెట్టి, ఫుల్ బూస్ట్‌లో ఆ నిష్పత్తి 11.5 దగ్గర ఉండేలా ట్యూన్ చేయించండి.

ఇంకో పాతిక హార్స్‌పవర్ కోసమే అయితే ఇంత తంటా దండగ. ఉన్న సూపర్‌చార్జర్‌కే 15 శాతం చిన్న పుల్లీ (బెల్టు తిప్పే చక్రం) వేయించుకోండి.