సిడ్నీ వెళ్తున్న మనవరాలికి

చిట్టీ,

సిడ్నీలో పాత నాటకశాలలు బాగుచేసే కంపెనీలో నీకు ఉద్యోగం వచ్చిందని, ఒపేరా హౌస్ పని కూడా రావచ్చని మీ అమ్మ ఫోన్ చేసింది. వీధి వీధంతా చెప్పుకొచ్చాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

హెల్మెట్ పెట్టుకో, కొలతలన్నీ రాసుకో. ఇవి నేను చెప్పక్కర్లేదు. నేను చెప్పేది నేల గురించి.

1984లో మన ఊరి కళామందిరం వేదికకి చెద పట్టింది. నాలుగు టేకు పలకలు మారిస్తే సరిపోయేది. "కాంక్రీటు పోసేద్దాం, ఇక నూరేళ్లు చూసుకోనక్కర్లేదు" అన్నది కమిటీలో నేనే. ప్రారంభం నాడు మీ అమ్మ కూచిపూడి. పన్నెండేళ్ల పిల్ల. జతులు వేస్తుంటే గజ్జెలే వినిపిస్తున్నాయి, అడుగు వినిపించడం లేదు. పాత పలకల కింద బోలుగా ఉండేది, వేదికే మద్దెలలా పలికేది. మృదంగం ఆయన రెండుసార్లు నా వైపు చూశాడు. ఇంటికొచ్చి ఉప్పునీళ్లలో కాళ్లు పెట్టుకుని, "నేల తిరిగి కొడుతోంది నాన్నా" అంది. అయినా అక్కడే సాధన చేయించాను. రెండేళ్లకి మోకాలు నొప్పితో మానేసింది. చదువు కోసం మానేసిందని నీతో చెప్పింది కదూ? నా పరువు కోసమే.

సిడ్నీ వాళ్లకీ తప్పలేదులే. ఒపేరా హౌస్‌లో పెద్ద హాలు మొదట ఒపేరాకీ, అంటే పాటల నాటకానికీ, కచేరీకీ అనుకుని, తర్వాత కచేరీకే అని, అప్పటికే బిగించిన వేదిక యంత్రాలు పీకేశారు. 1973లో తెరిచిన ఆ హాల్లో కప్పు మరీ ఎత్తు, వాయించేవాళ్లకి పక్కవాడి వాద్యమే సరిగా వినపడదు. అందుకని శబ్దాన్ని కిందికి తిప్పి పంపడానికి పైన గాజు గారెల్లాంటి ప్లాస్టిక్ చక్రాలు వేలాడదీశారు. అవి అలాగే నలభై ఏళ్లు దాటాయి! 2020లో మూసి, 2022లో తెరిచేసరికి గారెలు పోయి పూరేకుల్లాంటి పలకలు వచ్చాయి. వేదికనీ నలభై సెంటీమీటర్లు దించారట. చివరికి వాళ్లూ కాళ్ల కిందికి చూశారన్నమాట.

ఏదైనా పీకేముందు చెప్పులు విప్పి దాని మీద నిలబడు. వాయించేవాళ్లనీ ఆడేవాళ్లనీ అడుగు. పైవాళ్లు వినకపోతే మళ్లీ చెప్పు, అంతేగానీ నీ అలవాటు ప్రకారం అలిగి రాజీనామా ఇవ్వకు. ఒపేరా హౌస్‌ని గీసిన ఉట్జన్ గొడవపడి 1966లో వెళ్లిపోయాడు, పూర్తయ్యాక ఒక్కసారైనా వచ్చి చూసుకోలేదు. అది తలుచుకుంటే నాకు నీ గురించే టెన్షన్.

ఆ టేకు పలకల్లో ఒకటి దొడ్లో బట్టలుతికే చోట పీటగా ఉంది. బయల్దేరే ముందు వచ్చి ఒకసారి దాని మీద అడుగు వేసి పో. అమ్మనీ తీసుకురా.

మీ తాతయ్య