కుడివైపు చూసి నిలబడకండి, మేనేజరు గారూ

ప్రశ్న: నాకు 69 ఏళ్లు. బ్యాంకు మేనేజరుగా రిటైరయ్యాను. విశాఖలో ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్‌లో వారానికి మూడు రోజులు పొద్దున్నే గోల్ఫ్ ఆడతాను. కుడిచేతివాటం. పదేళ్లుగా నా బంతి కుడివైపు వంగిపోయేది, దానికి అలవాటుపడిపోయాను. కిందటేడు మా అబ్బాయి డల్లాస్ నుంచి కొత్త క్లబ్బుల (బంతి కొట్టే కర్రల) సెట్టు తెచ్చిచ్చిన దగ్గర్నుంచి కథ తిరగబడింది. ఇప్పుడు బంతి గీత గీసినట్టు తిన్నగా ఎడమకు పోతోంది. వంపు లేదు. 8, 9 ఐరన్లతో, అంటే దగ్గరి దూరాలకు వాడే పొట్టి క్లబ్బులతో మరీ ఘోరం. కుడివైపు చెట్లకేసి గురి పెట్టి నిలబడ్డా ఇంకా ఎడమకే! ఎడమ మోకాలు నొప్పి, నడుము మునుపటిలా తిరగదు. తప్పు నా చేతులదా, వయసుదా?
– ఓ పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: 'వంపు లేదు' అని రాశారు చూశారా, సగం జబ్బు అక్కడే తెలిసిపోయింది. బంతి తిన్నగా బయల్దేరి చివర్లో ఎడమకు తిరిగితే అది హుక్. బయల్దేరడమే ఎడమకు బయల్దేరి అలాగే పోతే పుల్. మీది పుల్. దీన్ని హుక్ అనుకుని గ్రిప్పు (క్లబ్బు పట్టుకునే తీరు) మార్చుకుని, ఉన్న ఆట కూడా పోగొట్టుకున్న పెద్దమనుషులను చాలామందిని చూశాను.

ఒక మాట చెబితే మీరు నమ్మరు. మీ పాత స్లైస్ (బంతి కుడికి వంగిపోవడం), ఈ కొత్త పుల్ ఒకే తల్లి పిల్లలు. రెండింట్లోనూ క్లబ్బు బయటి నుంచి లోపలికి, అంటే కుడి భుజం ముందుకు తోసుకొచ్చి బంతికి అడ్డంగా కోస్తోంది. పాత క్లబ్బు ముఖం, అంటే బంతికి తగిలే పలక, తెరుచుకుని (కుడికి చూస్తూ) తగిలేది, బంతి కుడికి వంగేది. మీ అబ్బాయి తెచ్చినవి బహుశా స్లైసు తగ్గించడానికి ముఖాన్ని కర్ర కంటే కాస్త వెనక్కి జరిపి చేసిన ఆఫ్‌సెట్ క్లబ్బులు. వాటి ముఖం తొందరగా మూసుకుంటుంది, అంటే ఎడమకు తిరుగుతుంది. దారి పాతదే, ముఖం మారింది. అంచేత బంతి ఆ దారినే తిన్నగా ఎడమకు పోతోంది. పిల్లవాణ్ణి ఏమీ అనకండి.

ఇక కుడివైపు గురి పెట్టడం. ఇదే అసలు చేటు. గుంత దగ్గరి ఫ్లాగు ఎక్కడుందో మీ కళ్లకు తెలుసు. కాళ్లు కుడికి చూస్తున్నాయని ఒంటికీ తెలుసు. కిందికి వచ్చేటప్పుడు భుజాలు ఆ తేడాను తామే సరిదిద్దేస్తాయి, బంతిని ఎడమకు లాగేస్తాయి. ఎంత కుడికి చూస్తే అంత ఎడమకు లాగుతారు. రేపు పొద్దున మీ గొడుగును నేలమీద, కాలివేళ్లకు ఆనించి పెట్టండి. తర్వాత వెనక్కి వెళ్లి అది ఎటు చూస్తోందో గమనించండి. నా దగ్గరకొచ్చే 60 దాటినవాళ్లలో ఈ పని చేశాక సిగ్గుపడి నవ్వనివాళ్లు తక్కువ.

వయసుదా అన్నారు. కొంత నిజమే. నాకూ 66, సికింద్రాబాద్‌లో పిల్లాడిగా బ్యాగులు మోసిన మోకాళ్లే ఇవి. తుంటి తిరగకపోతే వెనక్కి ఎత్తేటప్పుడు ఒళ్లు సగమే తిరుగుతుంది, చేతులు మాత్రం పైకి లేస్తాయి. కిందికి రావడానికి లోపల చోటుండదు, బయటినుంచే రావాలి. కాబట్టి చేతులతో పోట్లాడకండి, తుంటికి దారివ్వండి. కుడిపాదాన్ని రెండంగుళాలు వెనక్కి జరపండి, భుజాలు మాత్రం బంతి నుంచి లక్ష్యానికి పోయే గీతకు సమాంతరంగా ఉంచండి. రెండు పాదాల వేళ్లూ కాస్త బయటికి తిప్పండి. ఎడమ పాదం ఎక్కువగా, మోకాలికి ఆ మేరకు మెలిక తగ్గుతుంది. వెనక్కి ఎత్తేటప్పుడు ఎడమ మడమ నేలమీంచి లేస్తే లేవనివ్వండి. అమెరికా గోల్ఫ్ దిగ్గజం జాక్ నిక్లాస్ కుర్రతనం నుంచీ అలాగే ఆడాడు, 1986లో 46 ఏళ్ల వయసులో మాస్టర్స్ అనే పెద్ద టోర్నీ కూడా గెలిచాడు. 'మడమ లేపకూడదు' అని మీకు ఎవరో యువ కోచ్ చెప్పి ఉంటాడు. అతని నడుముకు 25 ఏళ్లు.

కొట్టాక కూడా ఒక వెసులుబాటు ఉంది. బంతి వెళ్లిపోయాక కుడికాలిని లక్ష్యం వైపు ఒక అడుగు వేసేయండి. దక్షిణాఫ్రికా గోల్ఫర్ గ్యారీ ప్లేయర్ అలా నడిచిపోవడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. బరువు వెనక కాలి మీద మిగిలిపోదు, నడుమూ పట్టేయదు.

సాధనకు డబ్బు ఖర్చక్కర్లేదు. ఖాళీ టూత్‌పేస్టు అట్టపెట్టె చాలు. బంతికి అవతలి పక్కన నాలుగంగుళాల దూరంలో, బంతికంటే కాస్త వెనగ్గా పెట్టండి. 9 ఐరన్‌తో, సగం ఊపుతో కొట్టండి. భుజం తోసుకొచ్చినప్పుడల్లా పెట్టె ఎగురుతుంది. మొదటి వారం పెట్టెలు బోలెడు ఎగురుతాయి, పట్టించుకోకండి. పైన ఒక్క క్షణం ఆగి, వీపును లక్ష్యం వైపే ఉంచి ముందు చేతులను కిందికి జారవిడవండి.

8, 9 ఐరన్లతో మరీ ఘోరమన్నారు కాబట్టి క్లబ్బుల అడుగుభాగం కూడా చూడండి. గీతలు క్లబ్బు మడమవైపు (కర్ర అతికిన వైపు) ఎక్కువగా ఉంటే తగిలేటప్పుడు అవతలి కొన పైకి లేస్తోందన్నమాట. అప్పుడు ముఖం ఎడమకు చూస్తుంది, లాఫ్ట్ (ముఖం వెనక్కి వాలిన కోణం) ఎక్కువుండే పొట్టి ఐరన్లలో ఇది మరీ కనబడుతుంది. వయసుతో నడుం కాస్త వంగి చేతులు దిగితే ఎవరికైనా ఇదే జరుగుతుంది. క్లబ్బు వంచే పనివాడుంటే కర్ర నిలబడే కోణాన్ని ఒకట్రెండు డిగ్రీలు చదును చేయించుకోండి. పోతపోసిన ఐరన్లను బలవంతంగా వంచితే విరిగిపోవచ్చు, ముందే అడగండి. డ్రైవర్ (చాలా దూరం కొట్టే పెద్ద క్లబ్బు) మెడ దగ్గర తాళంతో తిప్పి లాఫ్ట్ పెంచుకునే రకమైతే, పెంచినకొద్దీ ముఖం మూసుకుంటుంది. బంతి ఎత్తు పోవాలని పెంచి ఉంటే మళ్లీ తగ్గించి చూడండి.

వీటిలో మొదట గొడుగు, తర్వాత పెట్టె. రెండు వారాలు అంతే. క్లబ్బు వంచడం ఆఖరున.

ప్రశ్న: మాస్టారూ, నాకు 61. మూడడుగుల పట్ (గుంత దగ్గర బంతిని నేలమీద దొర్లించే దెబ్బ) కూడా గుంత ఎడమ అంచు తగిలి బయటికి వస్తోంది. కళ్లజోడు మార్చాకే మొదలైంది.
– ఓ పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: దూరానికీ దగ్గరికీ వేర్వేరు పవర్లుండే ప్రోగ్రెసివ్ అద్దాలా అమ్మా? కింది భాగంలోంచి బంతి మసకగా కనబడుతుందని, పై భాగంలోంచి చూడటానికి తల మరీ కిందికి వంచుతున్నారేమో, బంతి మీది నుంచి కళ్లు జరిగిపోతాయి. పట్‌కు నిలబడి, ఎడమ కంటి దగ్గర్నుంచి ఇంకో బంతి వదలండి. కింది బంతికి అవతల పడితే ఒక అంగుళం వెనక్కి జరగండి. పట్టింగ్‌కు ఒకే పవరున్న పాత జోడు దొరికితే అదే పెట్టుకోండి.