లారీ ప్రమాదాలన్నిటికీ మందే కారణమా?

"విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల హైవే మీద ఇన్ని లారీ ప్రమాదాలు ఎందుకు? డ్రైవర్లు తాగి నడపడం వల్లేనా?" అని అడిగారు.

తాగి నడిపేవాళ్లు లేరని అనను. కానీ నేను చాలా ఏళ్లు లారీ నడిపి, ఇప్పుడు ఆటోనగర్‌లో బ్రేకుల పని చేస్తున్నాను. నేను చూసినంతలో మందు కంటే నిద్ర చేసే చెరుపే ఎక్కువ. అది డ్రైవర్ బద్ధకం వల్ల వచ్చే నిద్ర కూడా కాదండి.

గుంటూరు మిర్చి యార్డు సంగతే తీసుకోండి. సీజన్‌లో పొద్దున్నే బండి లోడింగ్‌కి పెడతారు. వంతు వచ్చి, టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎక్కించి, పట్టా కట్టి, బిల్లులు చేతికి వచ్చేసరికి రాత్రవుతుంది. ఓనర్ దృష్టిలో ఆ రోజంతా డ్రైవర్ ఖాళీ. నిజానికి అతను ఎండలో బండిని కాస్త కాస్త ముందుకు జరుపుకుంటూ, టిక్కీలు లెక్క చూసుకుంటూ ఉంటాడు. కన్ను మూసే వీలే ఉండదు. అసలు డ్యూటీ ఆ తర్వాత మొదలవుతుంది. రాత్రి 2 నుంచి తెల్లవారి 5 లోపు ఒంటికి నిద్ర ఆపుకోవడం చాలా కష్టం. కళ్లు తెరిచే ఉంటాయి, ముందున్న బండి మాత్రం బుర్రకి ఎక్కదు. అలా గుద్దిన చోట చాలాసార్లు రోడ్డు మీద బ్రేకు గీతలే కనపడవు. ఎఫ్‌ఐఆర్‌లో మాత్రం "అతివేగం, అజాగ్రత్త" అని రాస్తారు.

రోజుకి 8 గంటలకు మించి పని చేయించకూడదని 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టంలోనే రాశారు. అడిగేవాడు ఎవరు? నేషనల్ పర్మిట్ బండికి ఇద్దరు డ్రైవర్లు ఉండాలన్న నిబంధన 2018లో తీసేశారు. కిరాయి గిట్టక క్లీనర్‌ని కూడా మానేసిన ఓనర్లున్నారు. ఇక పక్కన కూర్చుని మాట్లాడుతూ లేపి ఉంచే మనిషే లేడు.

లోడు విషయానికొస్తే, మిర్చి తేలిక. కాటా మీద బరువు సరిగ్గానే తూగుతుంది, ఎత్తు మాత్రం పెరిగిపోతుంది. మలుపులో వేగం తగ్గించకపోతే పైభాగం బయటికి లాగి బండి ఒరిగిపోతుంది. కంకర, బూడిద టిప్పర్లది అచ్చంగా బరువు సమస్య. 10 టైర్ల లారీకి లోడుతో కలిపి బరువు పరిమితిని 2018లో 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు పెంచారు. ఇక ఓవర్‌లోడ్ ఆగుతుందనుకున్నాం. కొందరు ఆ 28.5 మీద మళ్లీ ఎక్కించడం మొదలుపెట్టారు! దొరికితే 20,000 రూపాయలు, పైన అదనపు టన్నుకి 2,000 చొప్పున జరిమానా. దొరికినప్పుడు చూసుకుందాంలే అన్నట్టు ఉంటుంది వ్యవహారం.

"బ్రేకులు ఫెయిలయ్యాయి" అనే మాట మీరు పేపర్లో తరచూ చదివే ఉంటారు. ఇప్పటి ఎయిర్ బ్రేక్ బండ్లలో గాలి పూర్తిగా పోతే వెనక చక్రాలకి స్ప్రింగ్ బ్రేకులు వాటంతటవే పట్టేస్తాయి. అంటే బండి ఆగిపోవాలి, పరిగెత్తకూడదు. షెడ్డుకి తెచ్చిన బండి విప్పి చూస్తే ఎక్కువగా కనపడేది వేరు. డ్రమ్ముకి రాసుకుని చక్రాన్ని ఆపే లైనర్లు రివిట్ల దాకా అరిగి ఉంటాయి, బ్రేకు బిగువు సరిచేసే స్లాక్ అడ్జస్టర్ ముట్టుకుని ఎన్నాళ్లయిందో తెలియదు, ఒక చక్రం పడితే ఇంకోటి పట్టదు. దానికి ఓవర్‌లోడ్ తోడైతే డ్రమ్ములు కాలిపోయి పెడల్ ఎంత తొక్కినా పట్టు ఉండదు. అదంతా ఒక్క రోజులో అయ్యేది కాదు. లైనర్లు మార్చమంటే "ఈ ట్రిప్పు కానీ, చూద్దాం" అంటారు.

కదిలే లారీ సంగతి సరే, ఆగి ఉన్న లారీ కూడా తక్కువది కాదు. పంక్చరైతే రోడ్డు వారగా ఆపి, చుట్టూ రాళ్లు పెట్టి పని కానిస్తారు. వెనక లైటు వెలగదు, రిఫ్లెక్టర్ స్టిక్కర్ మీద దుమ్ము. ఎదుటి బండి లైట్లు కళ్లలో పడుతుంటే వెనక వచ్చే కారు నడిపేవాడికి ఆ లారీ దగ్గరికి వచ్చేదాకా కనపడదు. ఎరుపు త్రికోణం బండిలో ఉన్నా సీటు కిందే ఉంటుంది. కొందరైతే పని అయ్యాక ఆ రాళ్లు కూడా తీయరు. రాత్రిపూట కారులో వెళ్తుంటే ఎడమ చివర లైన్‌లో వేగంగా పోకండి.

మీరు బైక్ మీద తిరిగేవారైతే ఇంకొకటి. విజయవాడ బెంజ్ సర్కిల్‌లోనో ఆటోనగర్ గేటు దగ్గరో లారీ ఎడమకి తిరుగుతుంటే పక్క సందులో దూరకండి. ముందు చక్రం దాటిపోయింది కదా అనిపిస్తుంది, కానీ వెనక చక్రాలు అదే దారిలో రావు. ఇంకా లోపలికి, మీ వైపుకి జరుగుతూ తిరుగుతాయి. ఆ పక్క డ్రైవర్‌కి అద్దంలో సరిగ్గా కనపడదు కూడా.