పంట దెబ్బతిన్న ఏడాది కొండరెడ్లనే ఆదివాసీలు ఏం తిని బతికేవారు?

ఒక్కమాటలో చెప్పాలంటే, మామిడి టెంకలు, జీలుగు అనే తాటిజాతి చెట్టు పిండి. పాపికొండల చుట్టుపక్కల వానాకాలం మొదలయ్యేసరికి వాళ్ల ఇళ్లలో గింజలు నిండుకునేవి. అందుకే వేసవిలో తిన్న పళ్ల టెంకలు పారేయకుండా ఎండబెట్టి దాచేవారు. టెంక పగలగొట్టి లోపలి జీడిని దంచి, వగరు పోయేదాకా నీళ్లలో మళ్లీ మళ్లీ కడిగి, అంబలి కాచేవారు. అసలు నేర్పంతా ఆ కడగడంలో, ఆరబెట్టడంలోనే ఉంది. టెంకలకు తడి తగిలి బూజు పడితే అదే తిండి విషమవుతుంది. 2001లో ఒడిశాలోని కాశీపూర్ ప్రాంతంలో టెంకల అంబలి తిన్న ఆదివాసీలు చనిపోయారు. దాన్ని వాళ్ల అజ్ఞానం అనడం అన్యాయం. గింజలు కొనుక్కునే దారి లేకే అది తిన్నారు.

టెంకలూ చాలకపోతే జీలుగు చెట్టు కొట్టి, మానులోని మెత్తటి గుజ్జు ఎండబెట్టి పిండి చేసేవారు. కల్లిచ్చే చెట్టు కదా, ఊరికే కొట్టరు.

ఇక పోడు చేలో సామ, జొన్న, కంది కలిపి చల్లడం కూడా ముందుజాగ్రత్తే. వాన తేడా చేసినా ఏదో ఒకటి చేతికొస్తుంది.