వాయనం వేళ వెనక్కి కూర్చోమన్నారు

ప్రశ్న: నాకు 67 ఏళ్లు. నెల్లూరు కస్తూరిదేవి విద్యాలయంలో చదువుకుని, కావలి చుట్టుపక్కల పల్లెల్లో ఉపాధ్యాయినిగా పనిచేశాను. మావారు పోయాక నెల్లూరు శివార్లలో విశ్రాంత ఉద్యోగుల కోసం కట్టిన అపార్ట్‌మెంట్లలో ఇల్లు కొనుక్కుని చేరాను. పొద్దున నడక, సాయంత్రం క్యారమ్స్, శుక్రవారం లలితా సహస్రనామ పారాయణం. పుస్తకం చూడకుండా చదువుతానని పారాయణం నాచేతే మొదలుపెట్టించేవారు. ఈ శ్రావణంలో కమ్యూనిటీ హాలులో సామూహిక వరలక్ష్మీ వ్రతం జరిగింది. అందరితోపాటు చందా ఇచ్చాను. వాయనాలు ఇచ్చే వేళకు మహిళా విభాగం కన్వీనర్ వచ్చి, "అక్కా, మీరు కాస్త వెనక కూర్చోండి, ప్రసాదం ఇంటికి పంపిస్తాం" అన్నారు. ఆనాటి నుంచి కిందికి దిగడం మానేశాను. బెంగళూరులో ఉన్న మా అమ్మాయి ఇల్లు అమ్మేసి వచ్చేయమంటోంది. నేనే హద్దు తెలియకుండా ముందుకు వెళ్లానా?

సమాధానం: అమ్మా, మీ చివరి ప్రశ్నకే ముందుగా జవాబు చెబుతాను. మీరు ఏ హద్దూ దాటలేదు. శుక్రవారం పారాయణాన్ని మీ గొంతుతో మొదలుపెట్టించుకున్నవారే, అదే హాలులో, అదే అమ్మవారి ముందు మిమ్మల్ని వెనక్కి జరగమన్నారు.

ఎవరైనా తమ ఇంట్లో వ్రతం చేసుకుని, పేరంటానికి ఎవరిని పిలవాలో తామే నిర్ణయించుకుంటే, మన మనసు నొచ్చుకున్నా అడగగలిగింది తక్కువ. కమ్యూనిటీ హాలు సంగతి వేరు. దాని కరెంటు ఖర్చు, ఊడ్చి తుడిచేవారి జీతం మీరు నెలనెలా కట్టే మెయింటెనెన్స్‌లోనే ఉన్నాయి. పైగా వ్రతానికి చందా కూడా తీసుకున్నారు. చందా తీసుకునేటప్పుడు గుర్తుకురాని వైధవ్యం వాయనం వేళకు గుర్తుకురావడం నాకెంతో బాధ కలిగించింది. భార్యను పోగొట్టుకున్న పెద్దమనుషులు కూడా మీ అపార్ట్‌మెంట్లలో ఉండే ఉంటారు. వారిలో ఎవరినైనా వినాయక చవితి పందిరిలో హారతి పళ్లెం ముట్టుకోవద్దన్నారేమో ఒకసారి గుర్తుచేసుకోండి. ఆడవాళ్లు సాధారణంగా తమకంటే పెద్దవాళ్లను పెళ్లాడతారు, ఎక్కువ కాలం జీవిస్తారు. అందువల్ల వృద్ధులు కలిసి ఉండే చోట ఈ నియమం పెట్టినవారిలోనే చాలామందికి రేపు అది వర్తిస్తుంది.

కన్వీనర్ గారు మిమ్మల్ని అవమానించాలని అన్నారని నేను అనుకోవడం లేదు. ఎవరైనా ముత్తైదువ నొచ్చుకుంటుందేమోనన్న భయంతో అని ఉండవచ్చు. కాబట్టి మొదట ఆమె ఇంటికి వెళ్లి, ఒంటరిగా ఉన్నప్పుడు మాట్లాడండి. ఈ సంగతి వాట్సాప్ గ్రూపులోకి తీసుకురావద్దు, అక్కడ పక్షాలు ఏర్పడతాయి. "ఆ రోజు మీరన్న మాటతో నేను కిందికి రావడం మానేశాను. మన హాలులో జరిగే వ్రతంలో కూర్చున్న ప్రతి స్త్రీకీ వాయనం ఇవ్వాలని కోరుతున్నాను" అని చెప్పి, ఆమెకు ఆలోచించుకునే సమయం ఇవ్వండి.

ఆమె దాటవేస్తే సంఘానికి రాతపూర్వకంగా ఇవ్వండి. మన రాష్ట్రంలో ఇటువంటి సంఘాలు చాలావరకు 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదై ఉంటాయి. నియమావళి ప్రతిని అడిగి తీసుకుని, ఉమ్మడి డబ్బుతో జరిగే ఏ కార్యక్రమంలోనూ ఎవరినీ పక్కన పెట్టకూడదన్న తీర్మానాన్ని సర్వసభ్య సమావేశంలో చర్చకు పెట్టమనండి. ఇంతకుముందు ఇలాగే వెనక కూర్చున్న మరో ఇద్దరు ముగ్గురు సంతకం చేస్తే ఆ కాగితానికి బలం వస్తుంది. మీరు చదువుకున్న విద్యాలయాన్ని పొణకా కనకమ్మగారు 1923లో ఆడపిల్లల కోసం స్థాపించినప్పుడు, ఆడది ముందుకు రావడానికి ఇంతకంటే గట్టిగా అడ్డుపడే రోజులవి.

ఇవన్నీ తేలేదాకా క్యారమ్స్ బల్ల దగ్గరకు వెళ్లకుండా ఆగవద్దు. ఈ సాయంత్రమే వెళ్లండి. మిమ్మల్ని బాధపెట్టింది ఒక్క వ్రతం రోజు మాట; నడకలో, ఆటలో తోడుగా ఉన్నవారు మీకు చేసిన అపచారం ఏమీ లేదు. నిద్ర, ఆకలి రెండు వారాలకు మించి తగ్గి ఉంటే మాత్రం డాక్టరుకు చూపించుకోండి.

అమ్మాయి మాట ప్రేమతో అన్నది. పది రోజులు చూసిరావడానికి బెంగళూరు వెళ్లండి, కానీ ఈ గాయం పచ్చిగా ఉండగా ఇల్లు అమ్మకానికి పెట్టవద్దు. అక్కడ మీకు పారాయణ బృందం ఉండదు, పగలంతా ఇంట్లో ఎవరూ ఉండకపోవచ్చు.

వచ్చే శ్రావణం దాకా ఎదురుచూడవలసిన పని కూడా లేదు. కార్తీకంలో వనభోజనాలకో, మైపాడు సముద్ర స్నానానికో మీవాళ్లు ఏర్పాట్లు చేసుకుంటారు. ఆ ఏర్పాట్ల బృందంలో మీ పేరు రాయించుకోండి, ఉసిరి చెట్టు కింద దీపం పెట్టేటప్పుడు అందరితోపాటు ముందుకు వెళ్లండి. అప్పుడు కూడా ఎవరైనా ఆపితే, ఏం జరిగిందో నాకు రాయండి; తర్వాత ఏం చేయాలో కలిసి ఆలోచిద్దాం.