గల్లాపెట్టె తాళం ఎవరి చేతిలో ఉందో ముందు చూడమ్మా

ఒంగోలు

చి.ల.సౌ. అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

కంపెనీ తన షేర్లను తానే వెనక్కి కొనే బైబ్యాక్ మంచిదా, లాభంలోంచి వాటాదారులకు డబ్బు పంచే డివిడెండ్ మంచిదా అని అడిగావు. ఇంట్లో నువ్వొకటంటే అల్లుడుగారు ఇంకొకటి అంటున్నారట. ఆ వాదన అట్లా తెగదు. రెండూ కంపెనీ గల్లాపెట్టెలోంచి డబ్బు బయటికి వచ్చే దారులే. ముందు చూడాల్సింది తాళం ఎవరి చేతిలో ఉంది, ఆ మనిషి తన డబ్బు ఏ దారిన తీసుకుంటున్నాడు అని. నువ్వు తీసుకునే దారిలోనే ఆయనా తీసుకుంటుంటే నీ బెంగ సగం తీరినట్టే.

కాబట్టి మొదట వాటాల పట్టిక తెరువు. ప్రతి మూడు నెలలకూ, ఆ త్రైమాసికం ముగిసిన 21 రోజుల్లో కంపెనీ దాన్ని స్టాక్ ఎక్స్ఛేంజీకి ఇవ్వాలి. ఎన్ఎస్ఈ, బీఎస్ఈ సైట్లలో ‘షేర్‌హోల్డింగ్ ప్యాటర్న్’ అని ఉంటుంది. ప్రమోటర్ల (కంపెనీ పెట్టి, పెత్తనం చేసేవాళ్ల) వాటా 75 శాతం దాటకూడదు, జనం చేతిలో కనీసం 25 ఉండాలి. యాభై దాటితే మామూలు తీర్మానాలు ఆయన ఒక్కడే గెలిపించుకుంటాడు. ప్రత్యేక తీర్మానానికి పోలైన ఓట్లలో 75 శాతం కావాలి. అంటే పాతిక శాతం పైన చేతిలో ఉన్నవాడు ఏదీ చేయించలేకపోయినా ప్రత్యేక తీర్మానాన్ని ఆపగలడు.

అదే పట్టికలో తాకట్టు గడి ఒకటి ఉంటుంది, చాలామంది అక్కడిదాకా పోరు. ప్రమోటరు తన షేర్లు తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకుని ఉంటే, ధర పడితే అప్పిచ్చినవాళ్లు ఆ షేర్లు అమ్మేస్తారు. అట్లాంటి ఇంట్లో బైబ్యాక్ ప్రకటన వస్తే, అది నీ మేలు కోసమా, ధర నిలబెట్టి తాకట్టు కాపాడుకోవడానికా అని ఒక్కసారి అనుమానించాలి.

ప్రమోటరు అన్న పేరు లేకుండానే పెద్దవాటాదారు ఉండొచ్చు. మీ టంగుటూరు పొగాకు వేలం కేంద్రంలో ఐటీసీ అంటే చంటిపిల్లాడికి కూడా తెలుసు. ఆ కంపెనీకి ప్రమోటరు లేడు. అతిపెద్ద వాటాదారు లండన్‌లోని బ్రిటిష్ అమెరికన్ టొబాకో. 2024 మార్చిలో వాళ్లు అందులో 3.5 శాతం వాటాను దాదాపు రూ.17,485 కోట్లకు అమ్మి, ఆ డబ్బుతో లండన్‌లో తమ సొంత షేర్ల బైబ్యాక్ మొదలుపెట్టారు. ఇక్కడి షేరు అమ్మితే అక్కడి బైబ్యాక్‌కు డబ్బు వచ్చిందన్నమాట. పెద్దవాడి అవసరం ఎక్కడుందో తెలిస్తే ఇక్కడ ధర ఎందుకు కదులుతోందో కొంత అర్థమవుతుంది.

ఇక బైబ్యాక్ లెక్క. దీన్ని రొయ్యల చెరువు వాటాలాగా చూడు. పదిమంది కలిసి చెరువు వేశారు, ఒకాయన తప్పుకుంటానన్నాడు. చెరువు డబ్బులోంచే ఆయన వాటా కొని పంపిస్తే మిగిలిన తొమ్మిదిమందికి లాభమా? ఎంతకు కొన్నారన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఒక కంపెనీకి కోటి షేర్లున్నాయి, నిజమైన విలువ షేరుకు రూ.200, మొత్తం రూ.200 కోట్లు అనుకో. పది లక్షల షేర్లు రూ.300 చొప్పున వెనక్కి కొంటే రూ.30 కోట్లు పోయాయి. మిగిలిన రూ.170 కోట్లను 90 లక్షల షేర్లకు పంచితే ఒక్కోటి రూ.189కి దిగింది. ఉండిపోయినవాళ్లు నష్టపోయారు. అదే రూ.150కి కొని ఉంటే రూ.15 కోట్లే పోయేవి, ఉన్నవాళ్ల షేరు విలువ రూ.205 పైకి చేరేది.

‘షేర్లు తగ్గాయి, ఒక్కో షేరుకు లాభం పెరిగింది’ అని ప్రకటనలో రాస్తారు. అదీ లెక్క కట్టి చూడు. ఆ కంపెనీ లాభం రూ.9 కోట్లు, షేరుకు రూ.9. పోయిన రూ.30 కోట్ల మీద ఏడాదికి 7 శాతం వడ్డీ వస్తుండేది, పన్ను పోగా సుమారు రూ.1.57 కోట్లు. ఇప్పుడు లాభం రూ.7.43 కోట్లు, 90 లక్షలతో భాగిస్తే షేరుకు రూ.8.25. పెరగలేదు సరికదా తగ్గింది. రూ.150కి కొన్న లెక్కలో మాత్రం రూ.9.13 వస్తుంది. ఇంకొకటి, ఒకచేత్తో షేర్లు కొంటూ రెండోచేత్తో ఉద్యోగులకు కొత్త షేర్లు ఇస్తుంటారు. అయిదేళ్ల కిందటి మొత్తం షేర్ల సంఖ్య, ఇప్పటిది పక్కపక్కన రాసుకుంటే నిజంగా ఎన్ని తగ్గాయో తెలిసిపోతుంది.

పెద్దవాటాదారు సంగతి ఇక్కడే వస్తుంది. ఆ కోటిలో ప్రమోటరుకు 60 లక్షలు ఉండి, ఆయన ఒక్క షేరు కూడా అమ్మకపోతే, బైబ్యాక్ తర్వాత ఆయన వాటా 60 నుంచి 66.67 శాతానికి పోతుంది. సొంత జేబులోంచి పైసా తీయలేదు, ఖర్చు కంపెనీది. అందుకని ఆఫర్ పత్రంలో ప్రమోటర్లు షేర్లు ఇస్తున్నారా, ఇస్తే ఎన్ని, బైబ్యాక్ తర్వాత వాళ్ల శాతం ఎంత అన్న పేజీ తప్పకుండా చదువు. 2025లో ఇన్ఫోసిస్ షేరు రూ.1,800 చొప్పున రూ.18,000 కోట్ల బైబ్యాక్ ప్రకటిస్తే ప్రమోటర్లు పాల్గొనలేదు. అక్కడ వాళ్ల వాటా తక్కువ గనక పెత్తనం పెద్దగా మారదు. అరవై శాతం ఉన్నచోట అదే పని వేరుగా పనిచేస్తుంది.

చట్టం కొన్ని కంచెలు వేసింది. వాటాదారులు చెల్లించిన మూలధనం, స్వేచ్ఛా రిజర్వులు (పంచడానికి వీలున్న, దాచిన లాభాలు) కలిపి అందులో 10 శాతం దాకా బోర్డు ఒక్కటే నిర్ణయించవచ్చు, 25 శాతం దాకా పోవాలంటే ప్రత్యేక తీర్మానం కావాలి. బైబ్యాక్ అయ్యాక అప్పు సొంత నిధులకు రెండింతలు దాటకూడదు. ఇంకో బైబ్యాక్‌కు ఏడాది ఆగాలి.

నీ మటుకు పని ఇది. టెండరు పద్ధతిలో, అంటే కంపెనీ ఒక ధర చెప్పి వాటాదారుల దగ్గర నేరుగా షేర్లు అడిగినప్పుడు, 15 శాతం చిన్న వాటాదారులకు కేటాయిస్తారు. రికార్డు తేదీ (ఆ రోజు ఖాతాలో షేర్లున్నవాళ్లే అర్హులు) నాటి ధరతో నీ షేర్ల విలువ రూ.2 లక్షలు దాటకపోతే నువ్వు ఆ వరసలో ఉంటావు. ఒకే పాన్ మీద రెండు డీమ్యాట్ ఖాతాలుంటే కలిపి లెక్కిస్తారు, అక్కడ తెలివి చూపించబోకు. షేర్లు కొన్న మరుసటి పనిదినానికి గానీ ఖాతాలో పడవు, కాబట్టి రికార్డు తేదీకి కనీసం ఒక పనిదినం ముందే కొని ఉండాలి. ఆఫర్ కిటికీ అయిదు పనిదినాలే తెరిచి ఉంటుంది. బ్రోకర్లు ఆఖరి రోజు పొద్దున్నే మూసేస్తుంటారు గనక మూడోరోజుకే పెట్టేసెయ్. నిష్పత్తి 15కి 2 అంటే నీ వంద షేర్లకు 13 హక్కుగా తీసుకుంటారు. వందా పెట్టవచ్చు, ఇతరులు పెట్టకపోతే మిగిలిన చోటు నీకు దక్కుతుంది. తీసుకోనివి నీ ఖాతాలోనే విడుదలవుతాయి.

బైబ్యాక్ కోసమనే కొత్తగా కొనే ఆలోచన ఉంటే ఈ లెక్క వెయ్యి. బజారు ధర రూ.1,000, ఆఫర్ రూ.1,200, నీకు వంద షేర్లు, 20 తీసుకున్నారు. రూ.4,000 లాభం. ఆఫర్ ముగిశాక ధర రూ.60 దిగితే మిగిలిన 80 మీద రూ.4,800 నష్టం. పక్కింటివాళ్లు మొదటి సగమే చెబుతారు.

పన్ను నియమం ఈ మధ్య తరచూ మారింది, పాత సలహా పట్టుకుని పోకూడదు. 2024 సెప్టెంబరు దాకా కంపెనీయే పన్ను కట్టేది, నీకు ఏమీ ఉండేది కాదు. 2024 అక్టోబరు 1 నుంచి వచ్చిన మొత్తమంతా డివిడెండ్ కింద లెక్కగట్టి నీ శ్లాబులో కలిపారు. పై ఉదాహరణలో చేతికొచ్చిన రూ.24,000 మీద 30 శాతం శ్లాబువాళ్లకు రూ.7,200 పన్ను, లాభం చూస్తే రూ.4,000. కొన్న ఖర్చును మాత్రం మూలధన నష్టంగా ఎనిమిదేళ్లు ముందుకు తీసుకుపోవచ్చు. 2026 బడ్జెట్ దీన్ని మళ్లీ మూలధన లాభం (కొన్న ధర పోగా మిగిలిన లాభం) కిందికి తెచ్చింది. ప్రమోటర్ల మీద అదనపు పన్ను పెట్టి, వాళ్లు కంపెనీలైతే 22 శాతం, కాకపోతే 30 శాతం పడేట్టు చేసింది. పెద్దవాటాదారు బైబ్యాక్‌ను ఇష్టపడటం, పడకపోవడం చాలావరకు ఈ అంకెల మీదే ఆధారపడుతుందని గుర్తుంచుకో.

డివిడెండ్ దగ్గర మొదటి మోసం శాతమే. ‘500 శాతం డివిడెండ్’ అంటారు. అది ముఖవిలువ మీద, అంటే బజారు ధర కాదు, షేరు మీద రాసి ఉండే అంకె మీద. ముఖవిలువ రూ.2 అయితే చేతికి వచ్చేది పది రూపాయలు. షేరు రూ.2,000కి కొన్నావంటే అర శాతం. పైగా ఎక్స్-డేట్ (ఆ రోజు నుంచి కొన్నవాళ్లకు ఆ డివిడెండ్ రాదు) నాడు ధర సుమారు అంత మేర దిగుతుంది, అది ఉచితంగా వచ్చిన సొమ్మేం కాదు. 2020 ఏప్రిల్ నుంచి డివిడెండ్ మీద పన్ను నీ శ్లాబు ప్రకారం నువ్వే కట్టాలి.

రెండోది, డబ్బు వ్యాపారంలోంచి వస్తోందా, అప్పులోంచా? నగదు ప్రవాహ పట్టికలో వ్యాపారం నుంచి వచ్చిన నగదులోంచి యంత్రాలకు, భవనాలకు పెట్టింది తీసెయ్. అయిదేళ్లది కూడి, పంచిన డివిడెండ్‌తో పోల్చు. పంచింది ఎక్కువైతే పైన ఎవరికో అవసరం ఉంది. 2022-23లో గనులు, లోహాల కంపెనీ వేదాంతా షేరుకు మొత్తం రూ.101.50 పంచింది. లండన్‌లోని మాతృసంస్థ మీద అప్పుల భారం ఉన్న కాలం అది. పంపకం చిన్నవాళ్లకూ సమానంగానే వచ్చింది, కాదనను. కానీ దాన్ని ఏటా వచ్చే పంటగా లెక్కేసుకుని కొన్నవాళ్లు తప్పు చేశారు. ప్రభుత్వ కంపెనీల్లో పెద్దవాటాదారు కేంద్రమే. 2024 నవంబరు మార్గదర్శకాల ప్రకారం అవి నికర లాభంలో 30 శాతం, నికర విలువలో (ఆస్తుల్లోంచి అప్పులు తీసేస్తే మిగిలినదానిలో) 4 శాతం, ఏది ఎక్కువైతే అంత కనీసం పంచాలి.

అసలు పంచని, లేదా చూపించే నగదుతో పోలిస్తే కొంచెమే పంచే కంపెనీ సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. మన తెలుగువాళ్లకు హైదరాబాదు ఐటీ కంపెనీ సత్యం ఒక్కటి చాలు. 2009 జనవరి 7న బయటపడిన, దాని ఛైర్మన్ రామలింగరాజు లేఖ ప్రకారం, లెక్కల్లో చూపించిన రూ.5,361 కోట్ల నగదులో రూ.5,040 కోట్లు లేనే లేవు. అంతకు మూడు వారాల ముందే కుటుంబ సంస్థలైన మేటాస్‌లను 160 కోట్ల డాలర్లకు కొంటామంటే వాటాదారులు మండిపడ్డారు, గంటల్లో వెనక్కి తీసుకున్నారు. అక్కడ ప్రమోటర్ల వాటా పది శాతం కూడా లేదు! నగదు కుప్ప ఉందంటూ పెద్దగా పంచకుండా సొంతవాళ్ల సంస్థల వైపు చూసే కంపెనీ కనిపిస్తే దూరంగా జరుగు.

డివిడెండ్‌కు బదులు ప్రమోటరు వాడుకునే దొడ్డిదారులు వార్షిక నివేదికలో ‘సంబంధిత పక్షాల లావాదేవీలు’ అన్న చోట ఉంటాయి. జీతాలు, బ్రాండు పేరుకు రాయల్టీ, కుటుంబ భవనానికి అద్దె, గ్రూపు సంస్థలకు అప్పు. ఆ నాలుగూ కూడి, నీలాంటివాళ్లకు పంచిన డివిడెండ్ పక్కన రాయి. మొదటిది పెద్దదైతే ఆయన దారి వేరు, నీ దారి వేరు.

చిన్నవాళ్ల ఓటు దేనికన్నావు. ఇట్లాంటి పెద్ద లావాదేవీల ఆమోదంలో సంబంధమున్నవాళ్ల ఓటు కలవదు. 2024 మేలో నెస్లే ఇండియా మాతృసంస్థకు ఇచ్చే రాయల్టీని 4.5 నుంచి 5.25 శాతానికి మెల్లగా పెంచుతామంటే, 62 శాతం పైన వాటా ఉన్న ఆ మాతృసంస్థ ఓటు వేయడానికి లేక, మిగిలినవాళ్లు ఓడించారు. 2021 ఆగస్టులో ఐషర్ మోటార్స్ మేనేజింగ్ డైరెక్టర్ పునర్నియామకపు ప్రత్యేక తీర్మానం 75 శాతం అందక వీగిపోయింది.

ఏజీఎం (వాటాదారుల వార్షిక సమావేశం) నోటీసు కనీసం 21 రోజుల ముందు మెయిలుకు వస్తుంది, నువ్వు తెరవకుండా తుడిచేసే ఉత్తరం అదే. డీమ్యాట్ షేర్లు దాచే సంస్థలు ఎన్ఎస్‌డీఎల్ గానీ సీడీఎస్‌ఎల్ గానీ, నీ డీమ్యాట్ ఎక్కడుంటే ఆ సైటులో ఓటెయ్యొచ్చు. కిటికీ కనీసం మూడు రోజులు తెరిచి, సమావేశం ముందురోజు సాయంత్రం అయిదింటికి మూస్తారు. డివిడెండ్ అంకెను మాత్రం ఓటుతో పెంచలేరు, బోర్డు సిఫారసు చేసినదాన్ని ఒప్పుకోవడమో తగ్గించడమో తప్ప.

మీ అత్తగారి బీరువాలో కాగితం షేర్లున్నాయన్నావు. ఏడేళ్లు వరుసగా డివిడెండ్ తీసుకోకపోతే ఆ డబ్బూ, షేర్లూ కూడా ఐఈపీఎఫ్ అనే ప్రభుత్వ నిధికి వెళ్లిపోతాయి. వెళ్లినా ఐఈపీఎఫ్-5 ఫారంతో తిరిగి అడగవచ్చు. ముందుగా ఆ కంపెనీ రిజిస్ట్రార్‌కు (వాటాదారుల చిట్టా చూసే సంస్థకు) షేరు కాగితం మీదున్న ఫోలియో నంబరుతో ఉత్తరం రాసి, ఆవిడ పాన్, బ్యాంకు ఖాతా, నామినీ వివరాలు ఎక్కించండి. ఈ వారంలోనే మొదలుపెట్టు, సంతకం తేడా వచ్చిందంటే నెలలు పడుతుంది.

ఇట్లు,
పెదనాన్న